బ్లర్ కొట్టు, బ్యాలెన్స్ పట్టు

పెళ్లి ఆల్బమ్ పనిలో నిజమైన కష్టం ఒక్కటే: బ్యాలెన్స్ డబ్బులు వసూలు చెయ్యడం. మిగతాదంతా స్లైడర్లు. స్లైడర్‌ని కుడి కొస దాకా లాగితే మీరెంత పని చేశారో ఫొటో వీధి చివరి నుంచే చెప్పేస్తుంది. మధ్యలో ఎక్కడో సరైన చోటు ఉంటుందనీ, అది ఫొటో ఫొటోకీ మారుతుందనీ వాదించే ఎడిటర్లు కొందరున్నారు. అర్ధరాత్రి దాటాక కూడా షట్టర్ కింద నుంచి వెలుగు కనిపించే స్టూడియోలు వాళ్లవే. మీరు తొమ్మిదింటికల్లా ఇంటికెళ్లి వేడన్నం తినాలనుకుంటే కింది చిట్కాలు పాటించండి. బ్యాక్‌గ్రౌండ్ మసకబారుతుంది, వివరాలు మాయమవుతాయి, పెళ్లివారు నోరెళ్లబెడతారు.

1. పెళ్లి రోజున ఏ జాగ్రత్తా తీసుకోకండి.

వెనకదంతా దానంతటదే మెత్తబడాలంటే లెన్స్ అపర్చర్ బాగా తెరవాలి, ఫోకల్ లెంగ్త్ కాస్త ఎక్కువ ఉండాలి, మనిషికీ గోడకీ మధ్య ఎడం ఉండాలి. అంటే 85 ఎంఎం లెన్స్ పెట్టి, ఎఫ్ 1.8 దగ్గర ఉంచి, పెళ్లికూతుర్ని గోడ నుంచి పదడుగులు ముందుకు రమ్మనాలి. పట్టుచీరలో పెళ్లికూతురు పదడుగులు నడిస్తే ఆమె వెనక పిన్నులూ, అత్తలూ, పూలబుట్ట పట్టుకున్న పిల్లలూ అందరూ నడుస్తారు. మళ్లీ అందర్నీ పక్కకి తప్పించాలి. ఎందుకీ జాతర?

కెమెరాతో పాటు వచ్చిన కిట్ లెన్స్ చాలు. 18 ఎంఎం దగ్గర ఉంచి, ఎఫ్ 8కి బిగించి, అమ్మాయిని గోడకి ఆనించి నొక్కండి. ఆమె జడలోని మల్లెలూ, ఫంక్షన్ హాలు గోడ మీద ‘ఇచ్చట ఉమ్మివేయరాదు’ అన్న రాతా ఒకే స్పష్టతతో వస్తాయి. ఆ రాత సంగతి సిస్టమ్‌లో చూసుకుందాం.

2. ఒరిజినల్ ఫైలు మీదే పని చెయ్యండి.

కాపీ తియ్యకండి, లేయర్ వెయ్యకండి, మాస్క్ పెట్టకండి. ఫొటోషాప్ 1990లో వచ్చింది. లేయర్లు వచ్చింది 1994లో, మూడో వెర్షన్‌తో. మధ్యలో నాలుగేళ్లు జనం బతకలేదా? లేయర్ ఉంటే రేపు ఎవరైనా ‘ఆ బ్లర్ కాస్త తగ్గించవయ్యా’ అంటారు, మీరు తగ్గించాల్సి వస్తుంది. లేయర్ లేకపోతే తగ్గించడం అసాధ్యం. అసాధ్యమైన పని చెయ్యనందుకు మిమ్మల్నెవరూ తిట్టరు.

3. మనిషిని ఎంచే పని మెషీన్‌కి అప్పగించి, అది ఇచ్చింది కళ్లకద్దుకోండి.

‘సెలెక్ట్ సబ్జెక్ట్’ అని ఒక బటన్ ఉంది. నొక్కండి. మనిషి చుట్టూ చీమల బారు తిరుగుతుంది. అదే వేదం.

కాశీయాత్ర ఫొటోతో మొదలుపెట్టండి. పెళ్లికొడుకు చేతిలో గొడుగు, భుజాన ఉత్తరీయం, ఎదురుగా బెల్లం ముక్క పట్టుకుని బతిమాలుతున్న బావమరిది. బటన్ నొక్కగానే పెళ్లికొడుకు మొహం దొరుకుతుంది, పంచె దొరుకుతుంది, గొడుగు బట్ట సగం దొరుకుతుంది. సన్నటి కాడ దొరకదు. అది షామియానా గుంజతో పాటు మసకలో కలిసిపోతుంది. ఫొటోలో అబ్బాయి పిడికిలి గాలిని పట్టుకుని ఉంటుంది, సగం గొడుగు అతని తలమీద దానంతటదే నిలబడి ఉంటుంది. బ్రష్ తీసుకుని మాస్క్ మీద కాడ వెంట తెల్లగా ఒక గీత గీస్తే మొత్తం గొడుగు తిరిగొస్తుంది. నిమిషం పని. కానీ ఆ నిమిషం మీది, గొడుగు వాళ్లది.

తర్వాత, నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడ్డ తోడిపెళ్లికూతురు. మోచేతికీ నడుముకీ మధ్య ఒక ముక్కోణం సందు ఉంటుంది. మెషీన్ దాన్ని కూడా మనిషిలో కలిపేస్తుంది. చుట్టూ హాలంతా మసక మసకగా ఉంటే, ఆ సందులోంచి మాత్రం ప్లాస్టిక్ కుర్చీ కాలూ, దాని పక్కన దొర్లుతున్న నీళ్ల సీసా తళతళ మెరుస్తూ కనిపిస్తాయి. బుట్టకమ్మల వంపుల్లోనూ, గాజుల మధ్యనా ఇలాంటి సందులు దొరుకుతాయి. ఒక్కటీ ముట్టుకోకండి.

ఇక జుట్టు. అంచుల వెంట ఎగిరే వెంట్రుకల్ని పట్టుకోవడానికి ‘సెలెక్ట్ అండ్ మాస్క్’లో ప్రత్యేకంగా ఒక బ్రష్ ఉంది. అందులోకి వెళ్లారంటే ఒక్కో తల దగ్గర పది నిమిషాలు. దాని బదులు ఫెదర్‌ని సున్నా చెయ్యండి, జుట్టు కత్తెరేసి కత్తిరించినట్టు వస్తుంది. అది నచ్చకపోతే 50 చెయ్యండి, తల చుట్టూ అరచెయ్యి వెడల్పున మసక కాని గోడ మిగిలిపోతుంది. ‘ఇచ్చట ఉమ్మివేయరాదు’లో చివరి రెండక్షరాలు సరిగ్గా అందులోకి వస్తాయి.

4. మనిషి లోపల ఉండగానే బ్లర్ కొట్టండి.

ఇది మొత్తం కళకి గుండెకాయ, నిదానంగా చదవండి. బ్లర్ అంటే ప్రతి చుక్క రంగునీ పక్క చుక్కల్లోకి పంచడం. అందుకే చాదస్తులు ఏం చేస్తారంటే, ముందు బ్యాక్‌గ్రౌండ్ లేయర్‌లోంచి మనిషిని తీసేసి, ఆ ఖాళీని చుట్టుపక్కల గోడతో, పూలతో నింపి, అప్పుడు బ్లర్ చేసి, పైన మనిషిని మళ్లీ పెడతారు. చీర రంగు గోడలోకి కారదు.

మీరు కారనివ్వండి. మనిషిని ఉన్నచోటే ఉంచి చుట్టూ గాసియన్ బ్లర్ కొట్టండి. ఎర్రచీర చుట్టూ జానెడు మేర ఎర్రటి పొగ కమ్ముతుంది. పెళ్లికొడుకు నల్లజుట్టు చుట్టూ బూడిదరంగు మబ్బు లేస్తుంది. తెల్లపంచె అంచులు ట్యూబ్‌లైటు కింద మంచులో నిలబడ్డట్టు వెలుగుతాయి. అడిగినవాళ్లకి ‘పెళ్లికళ’ అని చెప్పండి. పెళ్లికళ లేదని ఏ తల్లీ అనలేదు. (రెండో పెళ్లి అయితే పొగ కాస్త తగ్గించండి, వాళ్లకి అనుభవం ఉంటుంది.)

5. అన్ని ఫొటోలకీ ఒకటే నంబరు.

గాసియన్ బ్లర్‌లో రేడియస్‌ని పిక్సెళ్లలో కొలుస్తారు. 6000 పిక్సెళ్ల వెడల్పున్న కెమెరా ఫొటో మీద 20 అంటే వెడల్పులో మూడువందలో వంతు, పెద్దగా తెలియదు. వాట్సాప్‌లో వచ్చిన 1600 పిక్సెళ్ల ఫొటో మీద అదే 20 అంటే ఎనభయ్యో వంతు, మండపం మజ్జిగైపోతుంది. ఈ తేడా తెలిసినవాళ్లు ఫొటో సైజు చూసి నంబరు మారుస్తారు. మీరు ‘20’ అని ఒక యాక్షన్ రికార్డు చేసి, ఫోల్డరు మొత్తానికి బ్యాచ్ పెట్టి, టీకి వెళ్లండి. ఒకే ఆల్బమ్‌లో ఎదురెదురు పేజీల్లో ఒకచోట మండపం స్తంభాల మీది లతలు లెక్కపెట్టొచ్చు, రెండోచోట మండపమే ఉండదు. దాన్ని వైవిధ్యం అంటారు.

6. దగ్గర, దూరం అనే తేడా పాటించకండి.

లెన్స్‌కి పక్షపాతం ఎక్కువ. మనిషితో సమాన దూరంలో ఉన్నవన్నీ స్పష్టంగా ఉంచుతుంది, వెనక్కి వెళ్లే కొద్దీ మెల్లమెల్లగా మసక పెంచుతుంది. పాదాల కింద నేల స్పష్టంగా ఉంటుంది, అదే నేల వెనక్కి పోతూ పోతూ కరిగిపోతుంది. దీన్ని సాఫ్ట్‌వేర్‌లో తేవడానికి డెప్త్ మ్యాప్ అని ఒకటి కావాలి. దగ్గరివి ఒక ఛాయలో, దూరానివి ఇంకో ఛాయలో ఉండే నలుపు తెలుపు బొమ్మ. 2023లో లైట్‌రూమ్‌లో వచ్చిన లెన్స్ బ్లర్ ఒక్క ఫొటోని చూసి ఆ బొమ్మని తనే ఊహించి గీస్తుంది. అది ఏం ఊహించిందో చూపించే మీట కూడా ఇచ్చారు. ఆ మీట జోలికి పోకండి. చూస్తే దిద్దాలనిపిస్తుంది.

మీకు కావాల్సింది సమానత్వం. పెళ్లికూతురు ఒక్కతే స్పష్టం, మిగతా ప్రపంచమంతా ఒకే కొలతలో మసక. అరవై అడుగుల దూరంలో ఉన్న గేటూ, పెళ్లికూతురి భుజానికి భుజం ఆనించి నిలబడ్డ అత్తగారూ ఒకే వరసలోకి వస్తారు. అత్తగారు కొత్త వడ్డాణం పెట్టుకుని వచ్చి ఉంటారు. అది పసుపుపచ్చని పొగగా మారుతుంది. పాదాల దగ్గర కూడా నేలని కత్తిరించినట్టు అక్కడికక్కడే మసక మొదలవ్వాలి. దాంతో అమ్మాయి నేల మీద నిలబడి ఉందా, తేలుతోందా అన్నది చూసేవాళ్ల భక్తిని బట్టి ఉంటుంది.

గ్రూప్ ఫొటోల్లో ఇంకా సుఖం. ముందు వరసని ఉంచండి, వెనక వరస మొత్తాన్ని బ్లర్ చెయ్యండి. స్టేజీ ఎక్కి ఫొటో దిగడానికి గంటసేపు లైన్లో నిల్చున్న పెద్దమనుషులంతా అక్కడే ఉంటారు. ఎవరు వచ్చారో ఎవరు రాలేదో రేపు ఆల్బమ్ చూసి తేల్చుకుందామనుకున్న ఇంటిపెద్దకి ఆ అవకాశం పోతుంది. వచ్చినవాళ్లు రానివాళ్లతో సమానమవుతారు. చదివింపుల పుస్తకం ఒక్కటే సాక్ష్యం.

7. సీరియల్ బల్బుల్ని వదలకండి.

వెనక లైట్లుంటే లెన్స్ ఒక్కో బల్బునీ గుండ్రటి బిళ్లగా విప్పుతుంది, కానీ దాని వెలుగు తగ్గనివ్వదు. గాసియన్ బ్లర్ అయితే ఆ వెలుగుని చుట్టూ ఉన్న చీకట్లో కలిపి మురికి మచ్చగా చేస్తుంది. అది మనకి సరిపోదు, ఇంకా సాధించవచ్చు. ఫొటోషాప్‌లోని లెన్స్ బ్లర్ తెరవండి. అందులో ఐరిస్ ఆకారం అని ఉంటుంది, ముక్కోణం నుంచి ఎనిమిది కోణాల దాకా. ముక్కోణం ఎంచండి. హాల్లో వెయ్యి త్రికోణాలు వేలాడతాయి. ఆపైన హైలైట్ల త్రెషోల్డ్‌ని బాగా కిందికి దించి, బ్రైట్‌నెస్ పెంచండి. ఇప్పుడు బల్బులతో పాటు వెనక నడిచే ప్రతి తెల్లచొక్కా, స్టీలు గ్లాసు, బట్టతల అన్నీ దీపాలే. కరెంటు ఖర్చు లేకుండా డెకరేషన్. డెకరేటర్ నుంచి కమీషన్ అడగండి.

8. గ్రెయిన్ కలపకండి.

రాత్రి రెండింటి ముహూర్తం, ఐఎస్ఓ 6400, మనుషుల మీద ఇసక చల్లినట్టు నాయిస్. బ్లర్ చేసిన వెనక భాగం మాత్రం పెరుగు మీగడ. ఆ మీగడకి కూడా కాస్త నాయిస్ కలిపితే రెండూ ఒకే ఫొటోలోవే అనిపిస్తాయి. కలపకపోతే దంపతుల్ని ఎక్కణ్ణుంచో కత్తిరించి తెచ్చి అతికించారనిపిస్తుంది. మీరు రెండోదే చెయ్యండి. రేపు విడాకుల కోర్టులో ‘అసలు ఈ పెళ్లే జరగలేదు’ అనాలనుకునేవాళ్లకి పనికొస్తుంది.

9. వివరాల్ని వేటాడండి.

బ్యాక్‌గ్రౌండ్ అయిపోయింది, ఇక మనుషులు. సూత్రం సులువు: మెత్తగా ఉండాల్సినవి గరుగ్గా చెయ్యండి, గరుగ్గా ఉండాల్సినవి మెత్తగా చెయ్యండి.

క్లారిటీ, టెక్స్చర్ అని రెండు స్లైడర్లుంటాయి. క్లారిటీ వెలుగునీడల మధ్య తేడాని కాస్త వెడల్పుగా పెంచుతుంది. 2019లో వచ్చిన టెక్స్చర్ అంతకంటే చిన్న వివరాల మీద పనిచేస్తుంది: చర్మం, నేత, బట్ట. మొహం వరకే మాస్క్ వేసి టెక్స్చర్‌ని కొద్దిగా తగ్గిస్తే చర్మం నున్నబడుతుంది, కళ్లూ కనుబొమలూ మిగులుతాయి. మీరు మాస్క్ వెయ్యకుండా ఫొటో మొత్తానికి రెండూ మైనస్ 100 చెయ్యండి. కంచిపట్టు జరీలో నేసిన హంసలు పసుపు మరకలవుతాయి. పెళ్లికూతురి తండ్రి ఆ చీర ధర చెప్పినప్పుడు మీరు గోడ వైపు చూడండి. బుగ్గచుక్క కూడా పోతుంది, దిగులు పడకండి. ఇక దిష్టి తీసే పని ఆల్బమ్ చూసుకుంటుంది.

మేనమామకి మాత్రం రెండూ ప్లస్ 100. రాత్రంతా నిద్రలేని మనిషి, కళ్ల కింద సంచులు, నుదుటి మీద చెమట. ప్రతి ముడతా లోయలా లేస్తుంది. ఆయన బ్యాలెన్స్ గురించి బేరమాడినవాడైతే డీహేజ్ కూడా పెంచండి.

తలంబ్రాల ఫొటో దగ్గర అసలు సత్తా చూపించాలి. ఇద్దరి చేతుల్లోంచి బియ్యం గాల్లోకి లేస్తుంది, ముత్యాలు చెదురుతాయి, అమ్మాయి కళ్లు మూసుకుని నవ్వుతుంది. ఆ ఒక్క క్షణం కోసం కెమెరామన్ మండపం మెట్ల మీద మోకాళ్లు కాయలు కాచేలా కూర్చుని ఉంటాడు. మీరు ‘డస్ట్ అండ్ స్క్రాచెస్’ ఫిల్టర్ తెరవండి. చుట్టూ ఉన్నదాంతో కలవని చిన్న చిన్న మచ్చల్ని వెతికి తుడిచెయ్యడమే దాని పని. పాత ఫొటోల మీద దుమ్ము పోగొట్టడానికి పెట్టారు. రేడియస్ పెంచి, త్రెషోల్డ్ సున్నా చేసి ఓకే కొట్టండి. గింజ మిగలదు. ఇద్దరూ ఒకరి నెత్తి మీద ఒకరు ఖాళీ చేతులు ఎత్తి, పళ్లికిలించి ఉంటారు. వాళ్ల మనవలు అది చూసి పెళ్లిలోనే కొట్లాట మొదలైందనుకుంటారు.

చివరగా షార్పెనింగ్. లైట్‌రూమ్ రా ఫైలుకి తనంతట తాను అమౌంట్ 40, రేడియస్ 1, డీటెయిల్ 25, మాస్కింగ్ 0 పెట్టి ఇస్తుంది. ఆల్ట్ మీట పట్టుకుని మాస్కింగ్ జరిపితే స్క్రీన్ మీద నలుపు తెలుపుల్లో కనిపిస్తుంది: తెల్లగా ఉన్నచోట పదును పడుతుంది, నల్లగా ఉన్నచోట పడదు. అలా జరిపి కనురెప్పలకీ, నగలకీ మాత్రమే పదును పెట్టి, మసక గోడని వదిలేసేవాళ్లున్నారు. మీరు మాస్కింగ్‌ని సున్నా దగ్గరే ఉంచి, అమౌంట్ 150, రేడియస్ 3, డీటెయిల్ 100 చెయ్యండి. ఇంత కష్టపడి చేసిన బ్లర్‌లోంచి నాయిస్ పొక్కులు పొక్కులుగా లేస్తుంది, మనుషుల చుట్టూ సుద్దముక్కతో గీసినట్టు తెల్లగీత వస్తుంది. నాయిస్ ఎక్కువైందనిపిస్తే నాయిస్ రిడక్షన్ 100 చెయ్యండి. మొహాలు మైనమవుతాయి. మళ్లీ షార్ప్ చెయ్యండి. మైనానికి పదును రాకపోతే మళ్లీ రిడక్షన్. ఆకలేసినప్పుడు ఆపండి.

10. జూమ్ చెయ్యకండి.

ఫొటోని ఎప్పుడూ స్క్రీన్‌లో పట్టేంత చిన్నగానే చూడండి. అప్పుడు అన్నీ బాగుంటాయి. వంద శాతానికి జూమ్ చేస్తే మీరు చేసినవన్నీ కనిపిస్తాయి, మనసు పాడవుతుంది. 12 బై 36 అంగుళాల కరిజ్మా ఆల్బమ్ షీట్ మీద చూసుకోవడం కస్టమర్ పని, ముందుగా వాళ్ల ఆనందం మీరు లాక్కోకూడదు. అంగుళానికి 300 చుక్కల లెక్కన ఆ షీట్‌కి పొడవులో 10,800 పిక్సెళ్లు కావాలి. మీరు 1600 పిక్సెళ్ల వాట్సాప్ ఫొటోని ఈ చివర నుంచి ఆ చివరకి సాగదీయండి. అంగుళానికి 44 చుక్కలు మిగులుతాయి. ముందే అంతా బ్లర్‌లో ఉంది కనుక ఎవరూ పోల్చుకోలేరు. బ్లర్ మహిమ ఇక్కడే తెలుస్తుంది.

11. జేపెగ్‌ని జేపెగ్‌గానే మళ్లీ మళ్లీ సేవ్ చెయ్యండి.

సేవ్ చేసిన ప్రతిసారీ అది ఎనిమిది బై ఎనిమిది గళ్లు గీసుకుని ఒక్కో గడిలో కాస్త కాస్త వివరం పారేస్తుంది. టీకి ముందు ఒకసారి, టీ తర్వాత ఒకసారి సేవ్ చెయ్యండి. 16 బిట్‌లో పని చేస్తే నున్నటి బ్లర్‌లో రంగు మెల్లగా మారుతుంది, 8 బిట్‌లో రంగుకి 256 మెట్లే. నీలం గోడని గట్టిగా బ్లర్ చేసి 8 బిట్‌లో ఉంచండి. గోడ మీద మెట్లు మెట్లుగా పట్టీలు వస్తాయి. ‘బ్యాక్‌గ్రౌండ్‌కి డిజైన్ వేశాం’ అని బిల్లులో రాయండి.

12. జవాబులు ముందే బట్టీ పట్టండి.

ఆల్బమ్ ఇచ్చే రోజు పెళ్లికూతురి తండ్రి వస్తాడు. పేజీ తిప్పుతాడు, కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకుంటాడు.

“ఏవయ్యా, మా తోడల్లుడు ఏడీ? వెనక వరసలో నిలబడ్డాడే.”

“అక్కడే ఉన్నారు సార్. డెప్త్.”

“డెప్త్ అంటే?”

“సినిమాటిక్ సార్. ఇప్పుడందరూ అదే అడుగుతున్నారు.”

సినిమా అన్న మాట పడగానే తెలుగు తండ్రి సగం మెత్తబడతాడు. మిగతా సగానికి ఇవి వాడండి: ల్యాబ్‌లో ఇంకు తేడా సార్. మీ హాల్లో లైటింగ్ తక్కువ సార్. పగటి వెలుతురులో చూడకూడదు సార్. ఫోన్లో చూస్తున్నాడా? బ్రైట్‌నెస్ తగ్గించుకోమనండి. తగ్గించాడా? పెంచుకోమనండి. అమ్మాయే నేరుగా అడిగితే తన ఫోన్లో ఫిల్టర్ వేసుకుని పెట్టుకున్న స్టేటస్ ఫొటో చూపించి, దీన్ని బట్టే చేశామమ్మా అనండి. ఆమెకి మాట పడిపోతుంది. ఇవేవీ పనిచెయ్యకపోతే తప్పంతా షూట్‌కి వెళ్లిన కుర్రాడి మీద తోసి, వాణ్ణి నిన్ననే మాన్పించామని చెప్పండి. వాడు అప్పుడే టీలు పట్టుకుని లోపలికొస్తే, వీడు వేరేవాడనండి.

ఆల్బమ్ ఆయన చేతికి వెళ్లేముందు డబ్బు మీ చేతికి రావాలన్నది మర్చిపోకండి. ఈ ఒక్క విషయంలో మాత్రం వంద శాతానికి జూమ్ చేసి, నోటు నోటూ చూసుకోండి.

13. మెమరీ కార్డ్ ఫార్మాట్ చెయ్యండి.

అదే రోజు సాయంత్రం. వచ్చే పెళ్లికి కార్డ్ కావాలి, కొత్తది కొనడం దండగ. నెల తర్వాత వాళ్లు ఫోన్ చేసి, ‘బాబూ, ఆ బ్లర్లూ అవీ ఏమీ వద్దు, ఒరిజినల్ ఫొటోలు ఇచ్చెయ్, వేరేచోట చేయించుకుంటాం’ అంటారు. గొంతు తగ్గించండి. హార్డ్ డిస్క్ క్రాష్ అయిందని చెప్పండి. హార్డ్ డిస్క్ కొననేలేదని మాత్రం చెప్పకండి.